ఇల్లు కట్టిన తరువాత

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండు కార్యాలలోను ఉండే శ్రమను, వ్యయాన్ని ఈ సామెత చక్కగా చెప్పినది. కాని కట్టిన ఇంటిని నిలుపుకోవడంలో ఎంత శ్రమ ఉన్నదో అది చెప్పలేదు. గృహప్రవేశం నాడు పాలు పొంగించి, బంధువులకు భోజనం పెట్టి, ఇక ఈ తరానికి ఇంటి మాట తీరినదని యజమాని నిశ్చింతగా కూర్చుంటాడు. నిజానికి ఆ రోజున ఇంటి పని మొదలవుతుంది. ఎండ, వాన, గాలి, నిప్పు, పురుగూ పుట్రా ఏడాది పొడుగునా ఆ ఇంటిని పరీక్షిస్తూనే ఉంటాయి. ఏ పరీక్ష ఏ మాసంలో వస్తుందో ఎరిగినవాడు అంతకు ముందు మాసంలోనే దానికి సిద్ధపడతాడు. ఇంటి భద్రత చాలవరకు ఈ ఒక్క మాసపు ముందుచూపులో ఉన్నది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఈ మాట మరింత వర్తిస్తుంది. ఒక వంక తూర్పు కనుమలు, మరొక వంక బంగాళాఖాతం, నడుమ నాగావళి, వంశధార, చంపావతి వంటి నదులు ఉన్న సీమ ఇది. కొండల్లో కురిసిన వాన కొద్ది గంటలలోనే పల్లపు ఊళ్ళకు వరదగా దిగుతుంది. సముద్రం మీద లేచిన గాలికి తీరపు ఊళ్ళలో అడ్డు లేదు. ఇట్టి చోట ఇల్లు కట్టుకొన్న మన పూర్వులు దేనికి భయపడవలెనో తెలిసి కట్టుకొన్నారు.

చుట్టిల్లు చెప్పే పాఠం

విశాఖపట్టణం మొదలు శ్రీకాకుళం వరకు తీరపు పల్లెలలో ఒకప్పుడు చుట్టిళ్ళు విరివిగా ఉండేవి. నేడు అవి అరుదైపోయినవి. గుండ్రని మందపాటి మట్టిగోడ, దానిపై శంకువు ఆకారంలో నిటారుగా లేచిన కప్పు, ఆ కప్పు మీద తాటికమ్మలు లేక గడ్డి, వంగి ప్రవేశించవలసినంత కిందికి దిగిన చూరు, చిన్న గుమ్మం. ఇదీ దాని స్వరూపం. చూడడానికి నిరుపేద కట్టడమే అయినా దాని వెనుక గాలి శాస్త్రం ఉన్నది.

గాలి చదునైన గోడను ఢీకొన్నప్పుడు దాని బలమంతా ఆ గోడ మీద పడుతుంది. గోడ గుండ్రంగా ఉంటే గాలి రెండు పక్కలా చీలి పోతుంది. ఇక కప్పు సంగతి. తుపానులో గాలి కప్పును కిందికి అణచివేస్తుందని చాలమంది తలుస్తారు. అది సరి కాదు. కప్పు మీదుగా గాలి వేగంగా పోయేటప్పుడు పైభాగంలో ఒత్తిడి తగ్గుతుంది. ఇంటి లోపలి గాలి ఒత్తిడి మాత్రం తగ్గదు. ఆ తేడా చేత కప్పు పైకి లాగబడుతుంది. చూరు బయటికి చాచి ఉంటే గాలి దాని కింద దూరి మరింతగా ఎత్తుతుంది. పల్లంగా, చదునుగా ఉన్న తేలిక కప్పులు మొదట ఎగిరిపోవడానికి కారణం ఇదే. వాలు ఎక్కువై, అన్ని వైపులకు సమంగా దిగిన చుట్టింటి కప్పుకు ఈ ఎత్తుడు తక్కువ.

అట్లని చుట్టిల్లు సర్వగుణ సంపన్నమని చెప్పడం లేదు. దానిలో వెలుతురు తక్కువ. నీరు నిలిస్తే మట్టిగోడ నాని కూలుతుంది. నిప్పురవ్వ పడితే కప్పు నిలువదు. మనం తిరిగి చుట్టిళ్ళలోకి పోనక్కరలేదు. దానిని కట్టినవాడు తన ఇంటికి శత్రువెవరో గుర్తించి, తనకు దొరికిన మట్టితోనూ కమ్మతోనూ ఆ శత్రువును ఎదుర్కొన్నాడన్నది మనం నేర్వవలసిన పాఠం. నేడు సిమెంటు గోడలు, రేకుల కప్పులు వచ్చినవి. వస్తువు మారినది గాని గాలి మారలేదు. గోడ సిమెంటుదైనంత మాత్రాన ఇల్లు గట్టిదని నమ్మి, రేకును నాలుగు మేకులతో నిలిపి నిద్రపోయేవాడికంటె పూర్వపు చుట్టింటివాడే తెలివిగలవాడు.

ఆశ్వయుజపు గాలి

ఇటీవలి పెద్ద తుపానుల తేదీలు విద్యార్థులు గుర్తుంచుకోదగినవి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాలపురం వద్ద తీరం దాటినది. ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాలు దాని దెబ్బకు దగ్గరలో ఉన్నవి. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణం మీద తీరం దాటినది. అప్పటి గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాసకు సమీపంలో దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చినది. తిత్లీ అనగా సీతాకోకచిలుక. కొబ్బరి మొక్క నాటి కాయ కోయడానికి అయిదారేళ్ళు పడుతుంది కనుక ఆ ఒక్క ఉదయం పోయినది అనేక కుటుంబాలకు కొన్నేళ్ళ జీవనం. ఈ మూడు తుపానులూ ఆశ్వయుజ మాసంలోనే వచ్చినవి. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన దాటిన గులాబ్ మాత్రం భాద్రపదంలోనే వచ్చినది. నవంబరు తుపానులు కూడ మన తీరానికి కొత్త కావు. కాబట్టి వినాయక చవితికి ఇల్లు శుభ్రపరచుకొనేటప్పుడే కప్పును కూడ పరీక్షించుకోవడం మంచి అలవాటు.

గాలి బలాన్ని గూర్చి ఒక లెక్క ఉన్నది. వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. గంటకు 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన రేకు 180 కిలోమీటర్ల గాలికి కూడ నిలుస్తుందనుకొనేవాడు ఈ తొమ్మిదింతల సంగతి ఎరుగడు.

రేకుల ఇంటివారు చూడవలసినవి ఇవి. రేకును వాసానికి పట్టి ఉంచే కొక్కెపు బోల్టులు తుప్పు పట్టినవేమో చూచి మార్చవలెను. కప్పు నడుమకంటె అంచుల వద్ద, మూలల వద్ద గాలి లాగుడు ఎక్కువ. అందుచేత అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా ఉండవలెను. వాసం దూలానికి, దూలం గోడకు గట్టిగా బిగించి ఉన్నవో లేవో చూడవలెను. రేకు వాసాన్ని ఎంత గట్టిగా పట్టుకొన్నా వాసమే లేచిపోతే ప్రయోజనం లేదు. కమ్మల ఇంటివారు కప్పు మీదుగా అడ్డంగా, నిలువుగా మోకులు వేసి నేలలో పాతిన మేకులకు బిగించుకోవచ్చును. పెంకుటింటివారు జారిన పెంకులను సర్ది, అంచు వరుసలను సున్నంతోనో సిమెంటుతోనో పట్టించవలెను. ఇంటి మీదికి వాలిన ఎండుకొమ్మలను, కొబ్బరిచెట్ల ఎండుమట్టలను, ముదురు కాయలను ముందే దించవలెను. పెరటిలో విడిగా పడి ఉన్న రేకుముక్క గాలిలో కత్తి అవుతుంది.

హెచ్చరిక వచ్చిన తరువాత చేసే పనులు వేరు. విశాఖపట్టణంలో 1974 నుండి తుపాను హెచ్చరికల కేంద్రం పనిచేస్తున్నది. వాతావరణ శాఖ ప్రమాదానికి కనీసం 48 గంటల ముందు మొదటి జాగ్రత్తను, 24 గంటల ముందు గట్టి హెచ్చరికను ఇస్తుంది. తీరం దాటే 12 గంటల ముందు, దాటిన తరువాత గాలివానలు ఎట్లుండునో తెలుపుతుంది. మొదటి జాగ్రత్తకే తాగునీరు, అటుకులు, బెల్లం, మందులు, టార్చి, అగ్గిపెట్టె సమకూర్చుకోవలెను. భూమి పత్రాలు, బ్యాంకు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు నీరు చొరని సంచిలో కట్టుకోవలెను. గట్టి హెచ్చరిక వచ్చిన తరువాత ఒకే ఒక్క ప్రశ్న మిగులుతుంది. ఈ ఇంటిలో ఉండవచ్చునా, పోవలెనా? మట్టిగోడ, కమ్మల కప్పు, రేకుల కప్పు ఉన్నవారు, సముద్రపు ఒడ్డున, నది పల్లంలో ఉన్నవారు పోవలెను. ఇల్లు విడిచి పోవడం ఇంటిని ఓడించుకోవడం కాదు. ఇల్లు తిరిగి కట్టుకోవచ్చును. ముసలివారిని, పసిపిల్లలను, బాలెంతలను పగలుండగానే తుపాను ఆశ్రయానికో, గట్టి బడి భవనానికో చేర్చవలెను. పశువులను కట్టుకొయ్యలకు కట్టి పోరాదు.

మరొక ముఖ్య విషయం. తుపాను నడిబొడ్డును కన్ను అంటారు. అది ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. కొన్ని చోట్ల ఎండ కూడ కాస్తుంది. గండం గడిచినదని జనం బయటికి వస్తారు. కొంతసేపటికి గాలి అంతే బలంతో ఎదుటి దిక్కునుండి విరుచుకుపడుతుంది. మొదటి గాలికి కదిలిన గోడ రెండవ గాలికి కూలుతుంది. తుపాను పూర్తిగా దాటినదని అధికారులు చెప్పేవరకు చేరిన చోటనే ఉండడం క్షేమం.

నిప్పు, పొయ్యి, పొగ

గాలికి ఆశ్వయుజం ఎట్లో నిప్పుకు చైత్ర వైశాఖాలు అట్లు. కమ్మలు ఎండి గలగలమంటాయి. మధ్యాహ్నపు వడగాలి రవ్వను ఒక చూరునుండి మరొక చూరుకు మోసుకుపోతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మొదలుపెట్టినవాడి సామెత మనకు ఉన్నది. ఫాల్గుణం ముగిసేలోగా ప్రతి కమ్మల ఇంటి ముందు నిండు నీటితొట్టి, ఒక ఇసుకబుట్ట, కాలే కప్పును లాగివేయడానికి పొడవైన కొక్కెపు గడ సిద్ధంగా ఉండవలెను. పొయ్యి గాలివాలుకు ఎదురుగా ఉండరాదు. వంట కాగానే నిప్పును నీటితో ఆర్పి బూడిద పారబోయవలెను. అగ్నిమాపక దళానికి ఫోను 101.

నేడు పల్లెలలో కూడ గ్యాసు పొయ్యి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం పేద ఇండ్లకు దానిని చేర్చినవి. కట్టెల పొగకంటె ఇది ఎంతో మేలు. కాని దాని స్వభావం తెలిసి వాడుకోవలెను. వంట గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారినప్పుడు తెలియడానికి దుర్వాసన గల పదార్థాన్ని కలుపుతారు. అది గాలికంటె బరువైనది. కారిన గ్యాసు పైకి పోక నేలబారున పరచుకొంటుంది. వాసన తగిలిన వెంటనే రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరచి బయటికి రావలెను. ఆ సమయంలో దీపపు స్విచ్చి వేయరాదు, ఆర్పరాదు కూడ. స్విచ్చిలో పుట్టే చిన్న రవ్వ చాలును. గ్యాసు ప్రమాదాలకు ఫోను 1906. సిలిండరును నిలువుగా ఉంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన గట్టు మీద పెట్టవలెను. గొట్టానికి పగులు కనిపించకపోయినా అయిదేళ్ళకు మార్చవలెను.

కట్టెల పొయ్యి విడువలేనివారు పొగకు దారి చూపవలెను. పొగ కమ్మల కప్పును పురుగునుండి కాపాడుతుందని పెద్దలు చెప్పేవారు. అది నిజమే. కాని అదే పొగ వండే ఇల్లాలి ఊపిరితిత్తులను, ఆమె ఒడిలోని బిడ్డ ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది. పొయ్యికి పైన పొగగొట్టం, ఎదురెదురుగా రెండు కిటికీలు ఉంటే బాధ చాలవరకు తగ్గుతుంది. సాలూరు, పార్వతీపురం కొండ ప్రాంతాలలో శీతకాలపు రాత్రులు చలి ఎక్కువ. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు బిగించి నిద్రపోవడం ప్రాణాపాయం. సగం కాలిన బొగ్గునుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి అది తెలియనే తెలియదు.

ఒళ్ళు కాలినప్పుడు సిరా, పేస్టు, పేడ వంటివి పూయరాదు. కాలిన చోట 20 నిమిషాలపాటు చల్లని నీటిధార పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునివద్దకు చేర్చవలెను.

తీగలో దాగిన మృత్యువు

పల్లెటూళ్ళలో బట్టలారవేసే ఇనుప తీగను తేలికగా చూస్తారు. దానిని కరెంటు స్తంభానికో, కరెంటు తీగ వచ్చే ఇనుప గొట్టానికో, రేకుల చూరుకో కట్టడం సాధారణం. కరెంటు తీగ పైతొడుగు ఊడి ఎక్కడో ఒకచోట రేకుకు తగిలితే, తడిబట్ట ఆరవేయ వచ్చిన ఇల్లాలు ఆ తీగను పట్టుకొన్న క్షణాన ప్రాణం పోతుంది. ఆమెను లాగబోయినవాడిదీ అదే గతి. దీనికి ఖర్చులేని విరుగుడు ఉన్నది. ఇనుప తీగ తీసివేసి నైలాను తాడు కట్టవలెను. పట్టుకొని ఉన్న మనిషిని తాకక ముందు మెయిను స్విచ్చి ఆపవలెను. అది వీలుకానప్పుడు పొడి కర్రతో తప్పించవలెను.

ఇంటికి సరియైన ఎర్తు ఉండవలెను. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినంతనే ప్రవాహాన్ని తెంచివేసే సాధనాన్ని మెయిను వద్ద పెట్టించుకొంటే అది ప్రాణరక్షకం. తుపాను తరువాత నేల మీద పడి ఉన్న తీగను, అది నీటిలో ఉన్నప్పుడు ఆ నీటిని తాకరాదు. కరెంటు పోయినది కదా అని అనుకోరాదు. ఏ క్షణాన తిరిగి వస్తుందో తెలియదు. ఫిర్యాదుకు 1912.

వానాకాలపు అతిథులు

మృగశిర చల్లబడగానే పుట్టలు నీటితో నిండుతాయి. పాములు పొడినేల వెదకుతూ ఇండ్లకు వస్తాయి. గాదె దగ్గర ఎలుక, ఎలుక వెనుక పాము. అందుచేత ధాన్యాన్ని మూతలు గల పాత్రలలో ఉంచడం, కట్టెల మోపులను గోడకు దూరంగా ఎత్తు మీద పెట్టడం, గోడల కన్నాలు పూడ్చడం పాముల నివారణలో మొదటి మెట్లు. వీటిలో కట్లపాము మిక్కిలి జాగ్రత్త పడవలసినది. అది రాత్రివేళ తిరుగుతుంది. నేల మీద చాప పరచుకొని పడుకొన్నవారిని నిద్రలో కరుస్తుంది. ఆ కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట తడబడడం కనిపిస్తే కాటు గుర్తు లేకపోయినా అనుమానించవలెను. మంచం మీద దోమతెర కట్టుకొని, దాని అంచులను పరుపు కిందికి దోపి పడుకోవడం దోమకు, పాముకు ఒకే విరుగుడు. కరచిన చోట కోయరాదు, గట్టిగా కట్టరాదు, మంత్రగాని కోసం వేళ పోగొట్టరాదు. కాటు పడిన అవయవాన్ని కదలనీయక ఆసుపత్రికి తీసుకుపోవలెను. విషానికి మందు అక్కడనే ఉన్నది. 108 వాహనం అందుకే.

దోమ గుడ్డు పెద్ద దోమగా ఎదగడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి ఇంటి చుట్టూ నిలువనీరు పారబోస్తే దాని వంశం అక్కడితో ఆగుతుంది. ఉద్దానంలో ప్రతి పెరటిలోనూ కొబ్బరి చిప్పలు కుప్పలు పడి ఉంటాయి. వాననీరు నిలిచిన ఒక్కొక్క చిప్ప డెంగూ దోమకు ఒక్కొక్క పురిటిల్లు. దోమకు, మలేరియాకు ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికిందరాబాదులోనే. ఆ సత్యం బయటపడిన గడ్డ మీద చిప్పలు బోర్లించడం మరవడం విచారకరం.

పిడుగును గూర్చి విద్యార్థులు ఒక లెక్క నేర్చుకోవచ్చును. మెరుపు కనిపించినప్పటినుండి ఉరుము వినిపించేవరకు సెకనులు లెక్కించి 3 చేత భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరాన పడినదో సుమారుగా తెలుస్తుంది. 30 సెకనులలోపు ఉరుము వినిపిస్తే పొలం విడిచి పక్కా ఇంటిలోకి పోవలెను. ఒంటరి తాటిచెట్టు కింద నిలువరాదు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రావలెను.

సుఖం కూడ భద్రతయే

ఇంటిలో సుఖం భోగులకు సంబంధించిన మాట కాదు. రోహిణీ కార్తెలో సిమెంటు కప్పు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కిందికి వదలుతుంది. ముసలివారికి, పసివారికి ఆ వేడి ప్రమాదకరం. కప్పు మీద దట్టంగా తెల్లసున్నం వేస్తే ఎండలో అధికభాగం తిరిగి ఆకాశానికే పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమొకటి ప్రకటించినదంటే ఈ చిన్న విషయం ఎంత పెద్దదో తెలుస్తుంది. పడమట వేపో కానుగో ఉంటే సాయంకాలపు ఎండ గోడకు తగలదు. అయితే గాలివానకు అది ఇంటి మీద పడనంత దూరాన నాటవలెను.

బడిలో ఒక గంట

ఇవన్నీ తెలియని విషయాలు కావు. తెలిసినదానిని వేళకు చేయకపోవడమే మన లోపం. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్న పెద్దల మాట అందుకే వచ్చినది. ఈ విషయంలో ఉపాధ్యాయులు చేయగలిగినది చాల ఉన్నది. బడి తెరచిన జూన్ మాసంలో ఒక గంటను దీనికి కేటాయించి, ప్రతి విద్యార్థి చేత తన ఇంటిని తానే పరీక్ష చేయించవచ్చును. కప్పు బోల్టులకు తుప్పు పట్టినదా? బట్టల తీగ దేనితో చేసినది, దేనికి కట్టినది? గ్యాసు గొట్టం ఏ సంవత్సరానిది? ఇంటిలో ఎందరు నేల మీద నిద్రపోతున్నారు? నీరు నిలిచే పాత్రలు ఎన్ని? ఇంటికి దగ్గరి తుపాను ఆశ్రయం ఎక్కడ, నడిచి పోవడానికి ఎన్ని నిమిషాలు? ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు రాసి, తల్లిదండ్రుల ఎదుట చదివి, వారి సంతకంతో తిరిగి తెమ్మనవలెను. సెప్టెంబరులో అవే ప్రశ్నలు మరొకసారి అడుగవలెను.

పెద్దవారు పత్రికలో చదివి మరచిపోయే విషయాన్ని పిల్లవాడు బడిలో నేర్చి ఇంటిలో గుర్తు చేస్తాడు. నాన్నా, ఈ తీగ మార్చలేదేమి అని రోజూ అడిగే పిల్లవాడి నోరు ఏ తండ్రి ఎన్నాళ్ళు మూయగలడు? మూడవనాటికైనా అతడు సంతకు పోయి నైలాను తాడు కొనుక్కొని వస్తాడు.